వేరులో కాపురం: పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

గత నెల పంట మార్పిడి వ్యాసంలో ఒక మాట రాశాం. మొక్క లోపల బతికే మేలు బ్యాక్టీరియా ముందు పంట నుంచి తర్వాతి పంటకు అందుతుందన్నాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఆ మాట మీదే. పదిమందికీ పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది కృష్ణా డెల్టా. సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లుతాం. మినుము బుడిపెల్లోని బ్యాక్టీరియా వరి వేళ్లలోకి కూడా వెళ్తుందా? వరికి బుడిపెలు ఉండవు కదండీ, మరి అది ఎక్కడ ఉంటుంది? దానివల్ల వరికి ఒరిగేదేమిటి?
– ఒక రైతు, అవనిగడ్డ ప్రాంతం

జవాబు: వరికి బుడిపెలు కట్టవు, నిజమే. పప్పుజాతి మొక్క బ్యాక్టీరియా కోసం పనిగట్టుకుని కట్టే గది బుడిపె. వరి గది కట్టదు గానీ దాని వేరులో దారి ఉంటుంది. పిల్లవేరు పుట్టేటప్పుడు తల్లివేరు పైపొరను చీల్చుకుని బయటికొస్తుంది. ఆ చీలిక దగ్గర బ్యాక్టీరియా లోపలికి దూరి కణాల మధ్య ఖాళీల్లో ఉండిపోతుంది. తెగులు తేదు, వేరు వాయదు, పైకి ఏ గుర్తూ కనబడదు. ఇలా మొక్క లోపల హాని చేయకుండా బతికే సూక్ష్మజీవులను ఎండోఫైట్లు అంటారు.

ఇది గట్టిగా రుజువైంది ఈజిప్టులో. నైలు డెల్టాలో వరికీ బర్సీమ్‌కీ మధ్య మార్పిడి సుమారు 700 ఏళ్లుగా సాగుతోంది. బర్సీమ్ పశుగ్రాసంగా మన పాడి రైతులకూ తెలిసిన పప్పుజాతి పైరే. బర్సీమ్ వేసిన చేలో తర్వాత వరి వేస్తే, వరికి సిఫారసు చేసిన నత్రజనిలో 25 నుంచి 33 శాతం దాకా కలిసొస్తోందని అక్కడ తేలింది. బర్సీమ్ వేళ్లూ మోళ్లూ కుళ్లి ఇచ్చే నత్రజని ఒక్కటే లెక్కేస్తే అంత రాదు. ఆ తేడా ఎక్కడిదని యూసఫ్ యాన్ని, ఫ్రాంక్ డాజో అనే శాస్త్రవేత్తలు, వారి సహచరులు వెతికి 1997లో ఫలితాలు ప్రచురించారు.

వాళ్లు చేసిన పరీక్ష ఎవరికైనా అర్థమయ్యేదే. పొలం నుంచి తెచ్చిన వరి వేళ్లను కడిగి, పైన అంటుకున్న సూక్ష్మజీవులన్నీ చచ్చేలా శుద్ధి చేసి, నూరారు. ఆ రసాన్ని ఏ బ్యాక్టీరియా తగలకుండా పెంచిన బర్సీమ్ మొలకలకు పోశారు. మొలకల వేళ్లకు బుడిపెలు కట్టాయి. వరి వేరు లోపల ఉన్నది బర్సీమ్ బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బ్యాక్టీరియానే అని అలా తేలింది. బర్సీమ్ కాలంలో అది బుడిపెలో ఉంటుంది. వరి కాలంలో వరి వేరులో ఉంటుంది. మళ్లీ బర్సీమ్ రాగానే బుడిపెలోకి చేరుతుంది.

మరి వరికి ఒరిగేదేమిటి? చాలామంది ఇక్కడే పొరబడతారు. వరి వేరులో చేరిన రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి వరికి పెట్టడం లేదు. కొలిచి చూస్తే అలా వచ్చింది చెప్పుకోదగినంత లేదు. మేలు వేరే దారిలో వస్తోంది. ఆ బ్యాక్టీరియా ఆక్సిన్ లాంటి పెరుగుదల హార్మోన్లు తయారుచేస్తుంది. దాంతో వేరు పొడవుగా, ఎక్కువ పాయలతో పెరుగుతుంది. కరగని భాస్వరాన్ని కొంత కరిగిస్తుంది. వేరు పెద్దదైతే మీరు వేసిన యూరియాలో ఎక్కువ భాగం కంకికి చేరుతుంది, తక్కువ భాగం నీళ్లలో పోతుంది. నత్రజని ఆదా అంటున్నది ఎక్కువగా దీన్నే.

ఇంకో సంగతి. రైజోబియానికి గాలి కావాలి, నీళ్లు నిలిచిన దమ్ము మట్టిలో గాలి ఉండదు. వరి వేరులో మాత్రం ఆకుల నుంచి దిగే గాలి గొట్టాలు ఉంటాయి. వరి దుబ్బును పెరికి వేరును అడ్డంగా కోసి చూడండి, స్పాంజి ముక్కలా ఖాళీలు కనబడతాయి. చుట్టూ ఊపిరాడని బురదలో ఆ వేరు గాలి ఆడే చోటు.

ఇప్పుడు మీ పొలం సంగతి. ఈజిప్టు లెక్కను మినుముకు అలాగే అంటగట్టకండి. బర్సీమ్ బ్యాక్టీరియా వేరు, మినుము బుడిపెల్లో ఉండే బ్రాడీరైజోబియం వేరు. పైగా బర్సీమ్‌ను పచ్చిగా చాలాసార్లు కోస్తారు, వేళ్లు నేలలోనే ఉంటాయి. మినుము గింజ పంట. మొక్క పట్టిన నత్రజనిలో పెద్ద వాటా గింజతో ఇంటికొస్తుంది. మిగిలిన దాన్నయినా నేలలో ఉంచడం మీ చేతిలో ఉంది. డెల్టాలో చాలాచోట్ల మినుము మొక్కను వేళ్లతో పెరికి కుప్ప వేస్తారు. బుడిపెలూ వాటిలోని బ్యాక్టీరియా కళ్లానికి వెళ్లిపోతాయి. కొడవలితో మొదలు దగ్గర కోయండి, వేరు నేలలో ఉండనివ్వండి. నూర్చిన పొట్టు పశువులకు పెట్టినా, ఆ పశువుల ఎరువు అదే చేలోకి తిరిగి రావాలి. కోత తర్వాత తడి మిగిలితే పిల్లిపెసర చల్లండి. అది కూడా మినుము కోవదే, అదే బ్యాక్టీరియాకు ఆశ్రయం ఇస్తుంది. ఎండాకాలంలో పైమట్టి మాడిపోతున్నప్పుడు నేల మీద ఏదో ఒక పచ్చని పైరు ఉండటం చిన్న సాయం కాదు.

వరి గడ్డికి నిప్పు పెట్టకండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా చెప్పాల్సిందే.

ప్రశ్న: నిజామాబాద్ జిల్లా. మా చేనులో ఏళ్ల తరబడి పెసర, కంది వేశాం, వేళ్ల నిండా బుడిపెలు ఉండేవి. నిరుడు మొదటిసారి సోయాచిక్కుడు వేస్తే బుడిపెలే లేవు, ఆకులు పసుపు తిరిగాయి. ఉన్న బ్యాక్టీరియా ఎటు పోయింది?

జవాబు: ఎటూ పోలేదు. నేలలోనే ఉంది. సోయాకు అది సరిపడదు, అంతే. పప్పుజాతి మొక్క వేరు నుంచి ఒక రకం రసాయనాలు ఊరతాయి. తనకు తగిన బ్యాక్టీరియా మాత్రమే వాటిని గుర్తుపట్టి, తన వైపు నుంచి ఇంకో సంకేతం పంపుతుంది. రెండూ కలిస్తేనే బుడిపె.

పెసర, మినుము, అలసంద, కంది, ఉలవ, వేరుశనగ, చిక్కుడు, జనుము, ఇవన్నీ ఒక గుంపు. ఒకదాని బ్యాక్టీరియాతో ఇంకొకదానికి చాలావరకు పని జరుగుతుంది. అందుకే ఈ పంటలు తరచుగా వేసే చేలలో కల్చర్ (విత్తనానికి పట్టించేందుకు పొట్లాల్లో అమ్మే బ్యాక్టీరియా) పట్టించినా పెద్ద తేడా కనబడకపోవచ్చు. సోయాకు బ్రాడీరైజోబియం జపానికం కావాలి. శనగకు మీసోరైజోబియం కావాలి. బఠాణీకి వేరు, రాజ్మాకు వేరు. కల్చర్ కొనేటప్పుడు ‘రైజోబియం’ అన్న పేరు చూసి ఊరుకోకండి. ఏ పంటకు తయారుచేసిందో పొట్లం మీద రాసి ఉండాలి. పెసర పొట్లం తెచ్చి సోయాకు పట్టిస్తే ఆ డబ్బు మట్టిపాలే.

ఈ ఏడాది మళ్లీ అక్కడే సోయా వేస్తుంటే 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల సోయా కల్చర్ లెక్కన, ఎకరా విత్తనం 30 కిలోలైతే 3 పొట్లాలు పట్టించండి. కొత్త నేల కాబట్టి దానికి రెట్టింపు వేసినా తప్పులేదు. ఒకసారి బుడిపెలు బాగా కడితే ఆ బ్యాక్టీరియా నేలలో ఏళ్ల తరబడి నిలుస్తుంది, ఏటా ఇంత తాపత్రయం ఉండదు. విత్తిన 25–30 రోజులకు తవ్వి చూసినా బుడిపె లేకపోతే ఎకరాకు 20–25 కిలోల యూరియా పైపాటుగా వేసి పైరును కాపాడుకోండి. ఆ దశలో కల్చర్‌ను నీళ్లలో కలిపి పోస్తే పెద్దగా ఫలితం ఉండదు.

ప్రశ్న: ప్రకాశం జిల్లా నల్లరేగడి. పొగాకు తీసేసి శనగ వేశాను. విత్తే రోజు పొద్దున మందు పొడి, రైజోబియం రెండూ ఒకేసారి కలిపి పట్టించాను. 40 రోజులకు తవ్వితే మొక్కకు రెండు మూడు తెల్ల బుడిపెలు. కల్చర్ కల్తీదా?

జవాబు: కల్తీ అనే ముందు మీరు చేసిన పని చూద్దాం. శిలీంద్రనాశిని (బూజు తెగుళ్లను చంపే మందు పొడి), రైజోబియం బ్యాక్టీరియా రెండూ ఒకే గింజ మీద, ఒకే పూట పడ్డాయి. మందు తడిలో బ్యాక్టీరియా చాలావరకు చచ్చి ఉంటుంది. పొగాకు నేలలో శనగ బ్యాక్టీరియా ముందే ఉండే అవకాశం తక్కువ. మీరు పట్టించిందే దిక్కు, అది కాస్తా పోయింది.

వరుస ఇలా పాటించండి. ముందు శిలీంద్రనాశిని. శనగలో ఎండు తెగులు ఉన్న నేలల్లో దాన్ని మానమని మేం చెప్పం. అవసరమైతే దాని మీద పురుగుమందు. ఆరబెట్టి ఒక రోజు ఆగాలి. రైజోబియం చివరన, విత్తే పూట. రాగి కలిసిన మందులు పట్టించిన విత్తనానికి రైజోబియం అసలు పట్టించొద్దు. శిలీంద్రనాశిని బదులు ట్రైకోడెర్మా విరిడి అనే మేలు శిలీంద్రం పొడిని కిలో విత్తనానికి 10 గ్రాములు వాడితే ఈ తకరారు చాలావరకు తప్పుతుంది, రైజోబియంతో దానికి పేచీ లేదు.

పట్టించే తీరు. 100 మి.లీ. నీళ్లలో 10 గ్రాముల బెల్లమో పంచదారో వేసి 10 నిమిషాలు మరగనివ్వాలి. తర్వాత పూర్తిగా చల్లారాలి. గిన్నె అడుగున చెయ్యి పెడితే చల్లగా తగలాలి. చాలామంది తొందరలో గోరువెచ్చగా ఉండగానే కల్చర్ కలిపేస్తారు, అక్కడే సగం పోతుంది. 10 కిలోల విత్తనాన్ని పాలిథిన్ పట్టా మీద పోసి ఈ పాకం చిలకరించి, చేత్తో పొర్లించి, గింజ గింజకూ జిగురు అంటాక 200 గ్రాముల కల్చర్ పొడి చల్లి మళ్లీ పొర్లించాలి. నలుపో బూడిద రంగో, పల్చని పొర గింజ చుట్టూ సమంగా కనబడాలి. గింజలు ఒకదానికొకటి అతుక్కుంటే పాకం ఎక్కువైందని, పొడి రాలిపోతుంటే తక్కువైందని గుర్తు. నీడలో అరగంట ఆరనిచ్చి ఆ పూటే విత్తండి. ఏ కారణం చేతనైనా ఆగినా 24 గంటలు దాటనివ్వద్దు. ట్రాక్టర్ మీద ఎండలో పెట్టిన గోతం రెండు గంటల్లో వేడెక్కిపోతుంది. గోతాన్ని తడి గుడ్డతో కప్పి చెట్టు కింద ఉంచండి.

మీ నేలలో ఇంకో చిక్కు ఉంది. రబీ శనగను మిగిలిన తేమ మీద విత్తుతారు. పైన రెండు మూడంగుళాలు పొడిబారి ఉంటే, అక్కడ పడ్డ గింజ మొలవదు, బ్యాక్టీరియా అసలే బతకదు. గింజ తేమ తగిలే లోతులో పడాలి.

శిలీంద్రనాశిని తప్పనిసరైన చోట మేం ఎక్కువగా మెచ్చే పద్ధతి వేరే ఉంది. రైజోబియాన్ని గింజకు పట్టించకుండా సాలులో వేయడం. ఎకరాకు ఒక కిలో కల్చర్, 50 కిలోల మాగిన పశువుల ఎరువు కలిపి, చేత్తో పిడికిలి బిగిస్తే ముద్దయ్యేంత నీళ్లు చిలకరించి, నీడలో ఒక రాత్రి గోనె కప్పి ఉంచండి. మర్నాడు విత్తేటప్పుడు సాళ్లలో పడేలా చల్లండి. మందు గింజ మీద ఉంటుంది, బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది, వేరు పెరిగి దాన్ని చేరుకుంటుంది. కల్చర్ ఎక్కువ పడుతుంది, నిజమే. దాని ధర ఒక మందు పిచికారీ ఖర్చు కంటే తక్కువ.

ప్రశ్న: శ్రీ సత్యసాయి జిల్లా. వేరుశనగ వేళ్లకు ఉన్న బుడిపెలు మేలు చేసేవో నులిపురుగు బుడిపెలో ఎలా తెలుసుకోవాలి? మా ఊళ్లో ఒకాయన వాటిని చూసి పురుగుమందు గుళికలు వేయించాడు.

జవాబు: చాలా మంచి ప్రశ్న. ఇది తెలియక మేలు చేసే బుడిపెలకే మందు పెట్టేవాళ్లున్నారు.

విత్తిన 30–35 రోజులకు, పూత మీద ఉన్నప్పుడు చూడండి. మొక్కను పీకొద్దు, పీకితే బుడిపెలు మట్టిలో తెగి ఉండిపోతాయి. మొక్క చుట్టూ జానెడు దూరంలో పార దింపి మట్టిపెళ్లతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో పావుగంట నానబెట్టండి. మట్టి దానంతటదే జారిపోతుంది. చేనులో ఒక్కచోట చూసి తేల్చేయకండి, ఐదారు చోట్ల తవ్వండి.

వేరుశనగలో మేలు బుడిపెలు పిల్లవేళ్లు పుట్టే మొదళ్ల దగ్గర, వేరు పక్కన అతికించినట్టు ఉంటాయి. ఈ పంటలో బ్యాక్టీరియా లోపలికి వెళ్లేది ఆ చీలికల్లోంచే, పైన వరికి చెప్పిన దారే. సైజు ఆవగింజ నుంచి మిరియం దాకా. బొటనవేలి గోరుతో నెడితే టప్పున ఊడి వస్తుంది, దాని కింద వేరు మామూలుగా ఉంటుంది. నులిపురుగు బుడిపె అలా ఊడదు. అక్కడ వేరే ఉబ్బిపోయి ఉంటుంది, గీకితే వేరు తెగుతుంది.

ఊడిన బుడిపెను గోరుతో రెండుగా చీల్చండి. లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే పని చేస్తున్నట్టే. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. మన రక్తానికి రంగిచ్చే పదార్థానికి అది దగ్గరి చుట్టం. నత్రజనిని పట్టే ఎంజైముకు ఆక్సిజన్ తగలకుండా కాపలా కాస్తూ, బ్యాక్టీరియాకు ఊపిరికి చాలినంత మాత్రం అందిస్తుంది. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదు, లేదా బ్యాక్టీరియా నాసిరకం. ఆకుపచ్చగా ఉంటే పని ముగిసింది. గోధుమ రంగుకు తిరిగి మెత్తబడితే కుళ్లుతోంది. కాయ ఊరే దశలో ఆకుపచ్చ బుడిపెలు కనబడితే కంగారు పడనక్కర్లేదు, 35 రోజులకే అలా ఉంటే ఆలోచించాలి. నీరు నిలవడం, బెట్ట, మాలిబ్డినం అనే సూక్ష్మపోషకం లోపం, యూరియా ఎక్కువ కావడం, వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది.

మొక్కకు పదుల్లో ఎర్రని బుడిపెలుంటే ఆ చేనుకు కల్చర్ ఖర్చు అక్కర్లేదు. నేలలో ఉన్న బ్యాక్టీరియా చాలినంత ఉన్నా దానికన్నా చురుకైన రకం వేస్తే కొన్నిసార్లు దిగుబడి పెరుగుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ ప్రయోగాల్లో ఎన్‌సీ 92 అనే బ్యాక్టీరియా రకం కదిరి 3 వేరుశనగకు అలా కలిసొచ్చింది. అన్ని విత్తనాలకూ, అన్ని చేలకూ అదే ఫలితం రాదు.

కాళహస్తి తెగులు తెచ్చే నులిపురుగు వేళ్లకు బుడిపెలు కట్టదు, దాని గుర్తు కాయల మీద గోధుమ నలుపు మచ్చలు, కాయలు చిన్నబోవడం. నులిపురుగు అనుమానం ఉంటే వేళ్లూ, వేరు చుట్టూ మట్టీ తడి ఆరకుండా సంచిలో వేసి దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. ఏ జాతి నులిపురుగో తెలిశాకే ఏ పంటతో మార్చాలో తేలుతుంది. తెలియకుండా గుళికలు వేయొద్దు.

వేరుశనగ విత్తనం పొర చాలా పల్చన. బెల్లం పాకంతో తడిపి పొర్లిస్తే పొట్టు ఊడుతుంది, మొలక దెబ్బతింటుంది. కాబట్టి ఈ పంటకు సాలులో వేసే పద్ధతే మేలు.

ప్రశ్న: పొట్లంలో బ్యాక్టీరియా బతికుందో లేదో ఇంట్లో తెలుసుకునే మార్గం ఉందా?

జవాబు: కంటితో చూసి చెప్పలేం. కొనేటప్పుడు పంట పేరు, తయారీ తేదీ, గడువు, బ్యాచ్ నంబరు చూడండి. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి 2006లో జీవన ఎరువులు చేరాయి. ఆ ప్రమాణాల ప్రకారం పొడి రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల జీవకణాలు, ద్రవరూపంలో మి.లీ.కు 10 కోట్లు ఉండాలి. పొడి పూర్తిగా ఎండి దుమ్ములా ఎగిరినా, పుల్లని కుళ్లు వాసన వచ్చినా, బూజు కనబడినా తీసుకోకండి. పురుగుమందుల బీరువాలో, రేకుల కప్పు కింద పెట్టి అమ్మే చోట కొనొద్దు. ఇంటికి తెచ్చాక కుండల పక్కన చల్లని మూల చాలు.

అనుమానం తీరాలంటే రెండు కుండీల్లో ఇసుక నింపి, ఆ ఇసుకను ముందే బాగా వేయించి చల్లార్చి, ఒకదాంట్లో కల్చర్ పట్టించిన గింజలు, ఇంకోదాంట్లో ఉత్త గింజలు వేయండి. కాచి చల్లార్చిన నీళ్లే పోయండి. నెలకు మొక్కల వేళ్లు కడిగి చూస్తే బుడిపెల్లో తేడా తెలుస్తుంది. సీజన్‌కు నెలన్నర ముందు చేసుకుంటేనే ఇది ఉపయోగం.

ప్రశ్న: పప్పుజాతి పైరుకు గాలి నుంచే నత్రజని వస్తుంటే యూరియా మొత్తం మానేయొచ్చా? వేస్తే తప్పేమిటి?

జవాబు: మొలిచిన మొదటి మూడు వారాలు బుడిపె ఇంకా సంపాదన మొదలుపెట్టదు. ఆ కాలానికి కొద్దిగా నత్రజని కావాలి, ఎకరాకు 8 కిలోలు. దానితో 20 కిలోల భాస్వరం. ఒక 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి, లెక్క దాదాపు సరిపోయింది. భాస్వరం తగ్గించకండి, బుడిపె పని చేయడానికి శక్తి దాని వల్లే.

యూరియా ఎక్కువైతే మొక్క బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది. బ్యాక్టీరియాను పోషించడానికి అది తన చక్కెర ఖర్చు పెట్టాలి. నేలలో నత్రజని తేరగా దొరికితే ఆ ఖర్చు ఎందుకు పెడుతుంది? వరి మాగాణి మినుముకు అసలు దుక్కిలో వేసే వీలే లేదు. అక్కడ వరికి వేసిన భాస్వరమే మినుముకూ ఆధారం.

తర్వాత పంటకు ఎంత తగ్గించాలన్నది మీరు నేలకు ఏం తిరిగిచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. వేరుశనగను వేళ్లతో పెరికి కట్టెంతా పశువులకు పెడితే నేలకు మిగిలేది తక్కువ. మినుము మొదలు కోసి ఆకు అలమ దున్నితే కొంత మిగులుతుంది. పచ్చిరొట్ట కలియదున్నితే వరికి వేసే నత్రజనిలో నాలుగో వంతు దాకా తగ్గించొచ్చు. ఒకేసారి చేనంతా తగ్గించకండి. 10 సెంట్ల మడి ఒకటి వేరు చేసి అక్కడ తగ్గించి, ఆకు రంగుల పట్టికతో వారానికోసారి పోల్చి చూడండి.

ప్రశ్న: జీలుగ కాండానికి కూడా బుడిపెలు వస్తాయంటారు. మా జీలుగకు రాలేదేం?

జవాబు: మీది మామూలు జీలుగ అయి ఉంటుంది, దానికి బుడిపెలు వేళ్లకే. కాండానికి వచ్చేది సెస్బేనియా రోస్ట్రాటా అనే పశ్చిమ ఆఫ్రికా జాతి. సెనెగల్‌లో దాని కాండం బుడిపెల నుంచి తీసిన బ్యాక్టీరియాకు 1988లో అజోరైజోబియం కాలినోడాన్స్ అని పేరు పెట్టారు. అది కూడా వరి వేరు చీలికల్లోంచి లోపలికి వెళ్లగలదు. నీళ్లు నిలిచిన మడిలో కాండం బుడిపెలకు గాలి అందుతుంది, దాని గొప్పతనం అదే. మన జీలుగ తక్కువదేం కాదు. ఎకరాకు 12 కిలోలు చల్లి, 45 రోజులకు పూత మొదలవుతుండగా దున్నండి. ఆలస్యమైతే కాండం కట్టెబారి కుళ్లడానికి వారాలు పడుతుంది, ఆ వారాల్లో వరి పసుపు తిరుగుతుంది. కలియదున్నిన 7–10 రోజులకు నాట్లు.

ప్రశ్న: అనకాపల్లి వైపు చెరకు రైతును. చెరకు లోపలే నత్రజని పట్టే బ్యాక్టీరియా ఉందట. కార్శి తోటకు (కోసిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగే చెరకుకు) అది పనికొస్తుందా?

జవాబు: ఉంది. గ్లూకోనాసిటోబాక్టర్ డయాజోట్రోఫికస్. బ్రెజిల్‌లో యోహానా డోబెరైనర్ బృందం 1988లో దాన్ని గురించి ప్రకటించింది. గడలోని తీపి రసంలోనే బతుకుతుంది, మామూలుగా బ్యాక్టీరియా తట్టుకోలేనంత చక్కెరను తట్టుకుంటుంది. ముచ్చెతో (విత్తనంగా నాటే గడ ముక్కతో) పాటే కొత్త తోటకు వస్తుంది. కాబట్టి మీరు మొదట పెట్టాల్సిన శ్రద్ధ విత్తనం మీద. ఆరోగ్యంగా ఉన్న, 7–8 నెలల తోట నుంచి ముచ్చెలు తీయండి. ఎర్రకుళ్లు ఉన్న తోట ముచ్చెతో మేలు బ్యాక్టీరియా కంటే ఎర్రకుళ్లు ముందు వస్తుంది, దాన్ని ఈ బ్యాక్టీరియా నయం చేయదు.

నత్రజని దండిగా గుప్పించిన తోటల్లో దీని సంఖ్య పడిపోతుంది. యూరియాను ఒకేసారి కాకుండా విడతలుగా వేయడానికి ఇది ఇంకో కారణం. కార్శి చేసేటప్పుడు చెత్తను తగలబెట్టకుండా సాళ్ల మధ్య పరచండి. జీవన ఎరువు వేయదలిస్తే 2 కిలోలు 50 కిలోల పశువుల ఎరువులో కలిపి, మోళ్లు చెక్కిన తర్వాత సాళ్ల పక్కన వేసి తడి ఇవ్వండి. రెండు మూడు కార్శిల తర్వాత ఆ చేనును చెరకు నుంచి తప్పించి ఒక పంటకాలం జనుమో మినుమో వేయండి. చెరకు తెగుళ్లకు ఆ విరామం అవసరం, నేలకూ మేలే.

ప్రశ్న: టెక్సస్‌లో ఇంటి వెనక మళ్లలో చిక్కుడు, అలసంద వేస్తున్నాం. ఇక్కడ తోట దుకాణంలో దొరికే బఠాణీ–బీన్స్ కల్చర్ వాడొచ్చా?

జవాబు: పొట్లం వెనక ఏ పంటలకో చూడండి. బఠాణీకీ ఫ్రెంచి బీన్స్‌కీ మాత్రమే అని ఉంటే మీ చిక్కుడుకు పనికిరాదు. చిక్కుడు, అలసంద, వేరుశనగ, మూడూ ఒకే గుంపు. అలసంద లేదా వేరుశనగ పేరున్న కల్చర్ అడగండి. కొన్ని పొట్లాల్లో అన్ని గుంపులూ కలిపి ఉంటాయి, అవైనా సరే. సంచుల్లో కొన్న కొత్త మట్టితో నింపిన మళ్లలో ఈ బ్యాక్టీరియా ఉండే అవకాశం తక్కువ కాబట్టి మొదటి ఏడాది పట్టించడం మంచిదే. గుప్పెడు గింజలకు చెంచాడు కల్చర్ చాలు. తడి చేసిన గింజ మీద చల్లి వెంటనే నాటి, మట్టి కప్పండి. ఎండాకాలంలో నాటితే మొదటి వారం మడి మీద ఎండుగడ్డి పరచి ఉంచండి. వచ్చే ఏడాది ఆ మడిలో వంగ, బెండ వేస్తే, చిక్కుడు తీగను పీకకుండా మొదలు కత్తిరించి వేళ్లను అలాగే వదిలేయండి.